అడ్డంగా పెట్టిన కావడిబద్ద

ఆ రోజు నేను చేయాల్సిన పనులు ఇవి. పొద్దున్నే హోటల్ ముందు పసుపు జెండా పట్టుకుని నిలబడాలి. యాత్రికులకు కారం నూడుల్స్ తినిపించాలి, మొదటి ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లకు సోయాపాలు ఇప్పించాలి. తీగ మీద పోయే పెట్టెలో వాళ్లను నది దాటించి మళ్లీ ఇవతలికి తేవాలి. జియాలింగ్ నీళ్లూ యాంగ్జీ నీళ్లూ కలిసేచోట ఫొటోలు తీయించాలి. మోకాలి నొప్పితో ఉన్న షాన్ టీచరమ్మకు పట్టీ కొనాలి. మధ్యాహ్నం స్టీమరు కూత వేసేలోపు మనుషుల్నీ సామాన్లనీ చావోతియన్‌మెన్ రేవు మెట్లు దించి ఎక్కించాలి. పిన్ని కుట్టి పంపిన భుజం మెత్తను బాబాయికి ఇవ్వాలి. ఆఖరిది పిన్ని ఊళ్లో దుకాణం ఫోన్ నుంచి ఒకటికి రెండుసార్లు చెప్పింది: బాబాయి ఎవరితోనూ కొట్లాట పెట్టుకోకుండా చూడాలి.

పిన్ని భయం ఊరికే పుట్టింది కాదు. మా ఇంటిపేరు రాన్. మాది యోయాంగ్ కొండల ప్రాంతం. మా ఇంట్లో కాలేజీ చదువు చదివింది నేనే మొదట. చదువు అయ్యాక చోంగ్‌చింగ్‌లో ఒక యాత్రల కంపెనీలో గైడుగా చేరాను. మా నాన్న తమ్ముడు గువాంగ్లూ బాబాయి అంతకు చాలా ముందే ఈ ఊరొచ్చి, రేవు మెట్ల మీద కావడి మోస్తున్నాడు. ఆ మెట్ల మీద రెండు గుంపులు ఉండేవి. ఒకటి మా కొండవాళ్లది, రెండోది షీజూ నుంచి వచ్చినవాళ్లది. వెనకటి చలికాలంలో ఒక బరువు ఎవరు ఎత్తాలన్న దగ్గర మొదలైన తగాదాలో బాబాయి ఎడమ చెవి సగం తెగిపోయింది. షీజూ వాళ్లలో ఒకడికి కన్ను పోయింది. మెట్ల సందుల్లో ఎండిన నెత్తురు వాన పడేదాకా పోలేదు.

అప్పుడు రెండు గుంపుల పెద్దలూ మెట్ల నడుమ ఉన్న పూ అత్త టీ కొట్లో కూర్చుని కట్టుబాటు చేశారు. కావడిబద్ద సామాను మీద అడ్డంగా పడుకుని ఉంటే మోసేవాడు దగ్గర్లోనే ఉన్నట్టు. ఎవరూ ముట్టకూడదు. ముట్టిన చెయ్యి దొంగ చెయ్యి, దాన్ని విరగ్గొట్టినా అడిగేవాడు ఉండడు. బద్ద గోడకు నిలబెట్టి ఉంటే ఆ బరువు వదిలేసినట్టు. నడుం పట్టేసినవాడో, జ్వరం తగిలినవాడో అలా వదిలేసి కొట్లో కూర్చుంటాడు. దాన్ని ఎవరైనా ఎత్తుకోవచ్చు, కూలి ఎత్తుకున్నవాడిదే. ఎత్తుకున్న బరువును మాత్రం చేరవలసిన చోటికి చేర్చి తీరాలి. అందరూ టీ తాగి, తాగిన గిన్నెల్ని మెట్ల మీద పగలగొట్టారు. కట్టుబాటు ఎవడు తప్పినా మళ్లీ కత్తులేనని అందరికీ తెలుసు. అప్పట్నుంచి ఆ రోజు దాకా ఆ మెట్ల మీద ఎవరూ చెయ్యెత్తలేదు.

దిగువన కడుతున్న పెద్ద ఆనకట్ట కోసం నది మళ్లించే ఏడాది అది. లోయలు మునిగేలోపు చూడాలని దేశమంతా మా రేవుకే వచ్చి పడుతోంది. నా గుంపులో ఉన్నవాళ్లు ఈశాన్యం చివర నుంచి వచ్చిన బడి టీచర్లు. వాళ్లలో బీ మాస్టారు మంచి పొడగరి, భుజాలు తలుపంత. ఎవరికి ఏ సాయం కావాలన్నా అడక్కముందే చేసేవాడు. తీగ పెట్టెలో ముసలివాళ్లకు చోటు ఇప్పించాడు. నూడుల్స్ కొట్లో అందరి గిన్నెలూ తనే ఎత్తి తొట్టి దగ్గర పెడితే, కొట్టువాడు "రేపట్నుంచి పన్లోకి రండి" అన్నాడు.

మధ్యాహ్నం హోటల్ నుంచి రేవు దాకా, మా కంపెనీ పసుపు చీటీలు కట్టిన సామాన్లు బండిలో వచ్చాయి. మెట్ల దగ్గర బాబాయి ఎదురు చూస్తున్నాడు. నేను భుజం మెత్త ఇచ్చాను.

"మీ పిన్ని పంపిందా? దీంతో పాటు తిట్లు కూడా పంపుండాలే," అన్నాడు దాన్ని భుజాన సర్దుకుంటూ.

"పంపింది బాబాయ్. ఎవరితోనూ గొడవ పడొద్దంది."

"ఉన్న చెవైనా మిగుల్చుకోమందా? చెప్పమ్మాయ్, మిగుల్చుకుంటానని."

నాలుగు పెద్ద పెట్టెల్ని కావడికి కట్టి లేచాడు. బీ మాస్టారు పక్కనే దిగుతూ చెయ్యి చాపాడు.

"ఒకటి నాకివ్వు పెద్దాయనా. ఒళ్లు చూడు నీది, పెట్టెలు చూడు."

"మీరు మోస్తే నేనేం చెయ్యాలి మాస్టారూ? మీ బళ్లో పాఠం చెప్పనా?"

"చెప్పు. పిల్లలు నా పాఠంలో నిద్రపోతున్నారు. నీ కేకలకైనా లేస్తారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. పూ అత్త కొట్టు దగ్గరికి వచ్చేసరికి పైనుంచి ఎవరో నన్ను పిలిచారు. షాన్ టీచరమ్మ పై మెట్టు మీదే చతికిలబడిపోయింది. "నేనిక్కడే కూచుంటా. ఆ లోయల్నే నా దగ్గరికి రమ్మనండి," అంటోందట. బాబాయి బరువు దించి, బద్దను పెట్టెల మీద అడ్డంగా పెట్టాడు. నా ఎదురుగానే పెట్టాడు.

"పద అమ్మాయ్. ఆ టీచరమ్మని వీపు మీద దించేద్దాం. స్టీమరు కూతేస్తే మీ మేనేజరు నీ మీద కూతేస్తాడు."

మేమిద్దరం పైకి వెళ్లాం. బీ మాస్టారు పెట్టెల దగ్గర ఉండిపోయాడు.

తర్వాత అక్కడ జరిగింది, నేను ఆనక తెలుసుకున్నది, ఇది. కావడిబద్ద ఒక కొస మెట్ల దారిలోకి పొడుచుకొచ్చింది. వీపున పిల్లను కట్టుకుని దిగుతున్న ఒకావిడ దానికి తగిలి తూలింది. బీ మాస్టారు ఆమెను పట్టుకుని ఆపాడు. ఇంకొకరు పడతారేమోనని బద్దను ఎత్తి కొట్టు గోడకు నిలబెట్టాడు. వేలాడుతున్న తాడును కూడా, బడిలో జెండా తాడు చుట్టే అలవాటు కొద్దీ, బద్ద చుట్టూ నీటుగా చుట్టి ముడి వేశాడు. ఆ తర్వాత నాలుగు మెట్లు దిగి, నదిని ఫొటో తీసుకుంటూ మిగతా టీచర్లతో కలిసిపోయాడు.

షీజూ గుంపులో మౌ చెంగ్‌గ్వీ అని ఒకడు ఉండేవాడు. అన్నదమ్ములిద్దరూ కావడివాళ్లే కాబట్టి అతణ్ని చిన్న మౌ అనేవారు. వట్టి కావడితో అటుగా వచ్చి, పెట్టెల్నీ నిలబెట్టిన బద్దనూ చూశాడు. పూ అత్త లోపల పొయ్యిలో బొగ్గు వేస్తోంది.

"అత్తా, ఈ బరువు ఎవరిది?"

"బద్ద ఎలా ఉంది?" ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"నిలబడి ఉంది."

"అయితే నీదే. ఎవడికి నడుం పట్టిందో ఏంటో."

"పసుపు చీటీలున్నాయి. ఏ స్టీమరుకి?"

"తెల్లదానికి. మెల్లిగా దిగు, మెట్లు జారుడుగా ఉన్నాయి."

అతను పెట్టెల్ని తన కావడికి కట్టుకుని తెల్ల స్టీమరు వైపు దిగడం మొదలుపెట్టాడు.

మేము వచ్చేసరికి పెట్టెలు లేవు. బాబాయి షాన్ టీచరమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, నడుం నిటారు చేసి, గోడకు నిలబడి ఉన్న తన బద్దను చూశాడు. దాని మీద చుట్టిన తాడు అతని కంటపడలేదు. దిగువన పసుపు చీటీల పెట్టెలు ఊగుతూ పోతున్నాయి. వాటి కింద ఉన్నది షీజూ వాడి వీపు.

"బాబాయ్, ఆగు," అన్నాను. అతను వినలేదు. బద్ద లాక్కుని మెట్ల మీద పరిగెత్తాడు. నేను వెనకే పరిగెత్తాను.

"ఒరే మౌ, దించు."

చిన్న మౌ బరువుతోనే తిరిగి చూశాడు. "ఏంటన్నా? ఎందుకు అరుస్తావ్?"

"బద్ద అడ్డంగా పెట్టి పోయాను. నా బద్ద ముట్టుకున్నావ్ నువ్వు."

"నేను ముట్టుకోలేదు. గోడకి నిలబడి ఉంది. పూ అత్తనడుగు."

"ఈ చేత్తో పెట్టాను. నా కూతురి ముందు పెట్టాను." అన్న కూతురినైనా కోపంలో నన్ను కూతురే అన్నాడు. "ఈ చెవి కోసినప్పుడు కూడా మీవాళ్లు ఇలాగే బొంకారు. దించరా ముందు."

"దించుతా, ఉండు. గెస్టుల సామాను, పగిలేవి ఉంటాయి."

కోపం తెచ్చుకోవడానికి కూడా అతను తొందరపడలేదు. పెట్టెలు మెట్టుకు తగలకుండా మోకాళ్లు వంచి, బరువును నెమ్మదిగా దించుతున్నాడు. మెడ వంగి ఉంది. బాబాయి బద్ద ఆ మెడ మీద పడింది. ఎండిన వెదురు చీలినట్టు చప్పుడైంది గానీ చీలింది వెదురు కాదు. రెండో దెబ్బ చెవి వెనక పడింది. చిన్న మౌ ముందుకు తూలి, పెట్టెల మీదుగా పడి, మెట్ల అంచులకు తల కొట్టుకుంటూ పడవల్ని కట్టే ఇనుప కడియం దాకా దొర్లాడు. అక్కడ ఆగాడు.

షీజూ వాళ్లు కింది నుంచి పైకి, మావాళ్లు పై నుంచి కిందికి వచ్చారు. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. బద్దలు బద్దలకు తగిలి విరిగాయి, విరిగిన మొనలతో పొడుచుకున్నారు. ఒకడి దవడ పక్కకు తిరిగిపోయి, అతను దాన్ని చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. బరువులు తగిలించే ఇనుప కొక్కెం ఒకడి చెంపలోంచి దూసుకుపోయింది. పూ అత్త మరుగుతున్న కెటిల్ తెచ్చి గుంపు మీద ఒంపింది. కాలినవాళ్లు అరిచారు, కాలనివాళ్లు కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు జబ్బ మీద ఒక దెబ్బ తగిలింది. ఎముక విరిగిందని నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన చెయ్యి బరువెక్కినట్టు మాత్రమే అనిపించింది.

అప్పుడు కింది నుంచి ఎవరో మామూలు గొంతుతోనే, "వీడికి ఊపిరి ఆడటం లేదు," అన్నారు. అందరూ ఆగిపోయారు.

మావాళ్లు బాబాయిని కొట్లోకి లాగి తలుపుకు అడ్డకర్ర వేశారు. నేనూ లోపలే ఉన్నాను. అతను గోడకు ఆనుకుని, తన చేతుల్ని చూసుకుంటూ, ఒకటే మాట అంటున్నాడు. "అడ్డంగానే పెట్టాను. అడ్డంగానే పెట్టాను."

బయట పెద్ద మౌ వచ్చాడు. అవతలి రేవులో సిమెంటు మోస్తున్నవాడు, ఒంటి నిండా దుమ్ముతోనే వచ్చాడు. చేపల కొట్టు నుంచి లాక్కున్న కత్తి చేతిలో ఉంది. అతని వెనక షీజూ వాళ్లు మెట్ల నిండా నిలబడ్డారు.

"రాన్‌గాణ్ని బయటికి పంపండి. ఒక్కణ్నే అడుగుతున్నా. పంపకపోతే మీలో ఎవడూ ఈ మెట్లు ఎక్కి ఇంటికి పోడు."

"నీ తమ్ముడు కట్టుబాటు తప్పాడు," అని లోపలి నుంచి మావాడొకడు అరిచాడు. "పడుకున్న బద్దని లేపాడు. దొంగ చెయ్యి అది."

"నా తమ్ముణ్ని దొంగంటావురా?" కత్తి తలుపులో దిగబడింది. చెక్క ముక్క ఎగిరి వచ్చి నా కాళ్ల దగ్గర పడింది.

ఇక జరగబోయేది నాకు తెలుసు. బాబాయి అబద్ధం ఆడడం లేదు. అబద్ధమాడి చిన్న మౌకి ఒరిగేదీ లేదు. రెండు మాటలూ నిజమే అయితే మధ్యలో మూడో చెయ్యి ఉంది. ఆ చెయ్యి దొరక్కపోతే బాబాయి చస్తాడు, అతని తర్వాత రెండు గుంపులూ వరసగా చస్తాయి, చిన్న మౌ దొంగగానే మట్టిలో కలుస్తాడు. వంటింటి కిటికీలోంచి దూకి, దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని స్టీమరు వైపు పరిగెత్తాను.

మా కువాంగ్ మేనేజరు యాత్రికుల్ని ఒడ్డు నుంచి వేసిన పలక మీదుగా స్టీమరులోకి తోస్తున్నాడు. "ఎక్కండి, ఎక్కండి. అది కూలోళ్ల గొడవ, మనది కాదు."

"పెట్టెల దగ్గర ఎవరున్నారు?" అని అడిగాను. "ఆ కావడిబద్దను ఎవరైనా ముట్టుకున్నారా?"

బీ మాస్టారు పలక మీంచి వెనక్కి తిరిగాడు. "నేనే కదమ్మా, దారికి అడ్డంగా ఉందని గోడకి నిలబెట్టాను. ఒకావిడ పడబోయింది. ఎందుకు?"

నేను చెప్పాను. కట్టుబాటు చెప్పాను, చనిపోయిన మనిషి పేరు చెప్పాను, తలుపు వెనక ఉన్న మా బాబాయి గురించి, బయట కత్తితో ఉన్న అన్న గురించి చెప్పాను. ఆ పెద్ద మనిషి పలక కమ్మీ పట్టుకున్నాడు.

"రాన్, నోరు మూసుకో," అన్నాడు కువాంగ్ మేనేజరు. "మాస్టారూ, మీకేం సంబంధం లేదు. మీరు గెస్టులు. ఆ మూకలోకి వెళితే నరుకుతారు."

స్టీమరు కూత వేసింది.

"నేను నిలబెట్టాను," అన్నాడు బీ మాస్టారు తనలో తను. మళ్లీ నాతో, "చనిపోయినతని అన్న ఎక్కడున్నాడు?" అని అడిగి, పలక దిగాడు.

షీజూ వాళ్లు దారి ఇవ్వలేదు. అతను వాళ్ల మధ్యలోంచి, తోసేవాళ్లు తోస్తుంటే, పైకి నడిచాడు. పెద్ద మౌ ముందు నిలబడ్డాడు.

"మీ తమ్ముడు ఆ బద్ద ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నాను. దానికి అర్థం ఉంటుందని నాకు తెలీదు."

"ఎవడు నువ్వు?"

"బీ జాన్‌కుయ్. టీచర్ని. ఈ ఊరు చూడ్డానికి వచ్చాను."

పెద్ద మౌ ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు. "రాన్‌గాళ్లు నీకెంతిచ్చారు?"

"తాడు చూడండి," అన్నాడు బీ మాస్టారు. బాబాయి బద్ద ఇంకా మెట్ల మీదే పడి ఉంది, నెత్తురుతో. తాడు చుట్టూ చుట్టి ముడి వేసే ఉంది. "మీవాళ్లు ఎవరైనా ఇలా ముడి వేస్తారా?"

పెద్ద మౌ దాన్ని ఎత్తి, ముడి విప్పి, అతని చేతిలో పెట్టాడు. "వెయ్యి."

బీ మాస్టారు తాడును బద్ద చుట్టూ చుట్టాడు. మళ్లీ అదే ముడి వేశాడు. అందరూ చూశారు. పూ అత్త కిటికీలోంచి, "వాడు నన్నడిగాడు. నిలబడి ఉందన్నాడు. నీదే తీసుకో అన్నాను," అంది.

పెద్ద మౌ కత్తి తిప్పి, దాని వెడల్పు పక్కతో బీ మాస్టారి మూతి మీద కొట్టాడు. ముందు పళ్లు మెట్ల మీద పడ్డాయి. మాస్టారు పడి, లేచాడు. చేతులు ఎత్తలేదు. మళ్లీ కొట్టాడు. ఈసారి ముక్కు విరిగింది. మళ్లీ లేవబోతుంటే పెద్ద మౌ కత్తి దించేసి, "లేవొద్దు. లేస్తే మళ్లీ కొట్టాలి," అన్నాడు. ఆ మాట అంటూ అతను ఏడ్చాడు.

అప్పుడు అడ్డకర్ర తీసిన చప్పుడైంది. బాబాయి తనంతట తనే బయటికి వచ్చాడు. మావాళ్లు పట్టుకుంటే విదిలించుకున్నాడు. చిన్న మౌ పడి ఉన్న చోటికి దిగి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"చెంగ్‌గ్వీ దొంగ కాదు. కట్టుబాటు తప్పలేదు. నేనే అడక్కుండా కొట్టాను." మెట్టు మీద మోకరిల్లి, కుడిచెయ్యి రాతి మీద పరిచాడు. "తప్పు చేసిన చెయ్యి ఇది. తల కావాలన్నా తీసుకో, నేను కదలను."

"బాబాయ్" అని పిలిచాను. అతను తల తిప్పలేదు.

పెద్ద మౌ కత్తిని నదిలోకి విసిరేశాడు. బాబాయి బద్దనే ఎత్తాడు. మొదటి దెబ్బకు వేళ్లు, రెండో దెబ్బకు మణికట్టు. మూడోసారి ఎత్తినవాడు దించలేదు. బద్దను మోకాలికి అడ్డం పెట్టి రెండుగా విరిచి పారేశాడు. బద్ద విరిచారంటే ఆ మెట్ల మీద వాడు ఇక మోయడు. బాబాయి అరవలేదు. కింది పెదవి కొరుక్కున్నచోట నెత్తురు గడ్డం మీదుగా కారింది.

పోలీసులు వచ్చేసరికి ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు. బాబాయి లేచి వాళ్లతో వెళ్లాడు. బీ మాస్టారు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, జరిగింది మాట్లాడగలిగినంత మాట్లాడాడు. తెల్ల స్టీమరు అప్పటికే కదిలిపోయింది.

పెద్ద మౌ తమ్ముడి మొహం మీద తన చొక్కా కప్పాడు. ఆ తర్వాత, మెట్ల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న పెట్టెల్ని ఏరి, తమ్ముడి కావడికే కట్టాడు. మావాళ్లలో ఒకడు సాయం పట్టబోతే, "ముట్టుకోకు, ఈ బరువు మావాడిది," అన్నాడు. భుజానికెత్తుకుని, తమ్ముడి నెత్తురు తొక్కకుండా పక్కగా దిగి, స్టీమరు ఆగిన చోటికి పోయి, అక్కడ ఎవరూ లేకపోయినా పెట్టెల్ని పగలకుండా దించాడు. కావడిబద్దను వాటి మీద అడ్డంగా పెట్టాడు. మర్నాడు స్టీమరు కంపెనీవాళ్లు వచ్చి తీసుకునేదాకా ఆ పెట్టెల్ని ఒక్కరూ ముట్టలేదు.

బాబాయి శిక్ష పూర్తయ్యాక మా కొండలకు వెళ్లిపోయాడు. ఆ చెయ్యి ముడుచుకోదు, అన్నం ఎడమచేత్తో తింటాడు. ఎవరైనా ఆ రోజు సంగతి ఎత్తితే, "వాడు దించుతానన్నాడు," అంటాడు, అంతే. ఆ రెండు గుంపులూ మళ్లీ కొట్టుకోలేదు. ఇప్పుడు మెట్ల పక్కనే కదిలే మెట్లు వచ్చాయి, కావడివాళ్లు బాగా తగ్గిపోయారు.

మీరు మా ఊరు చూడ్డానికి వస్తే తీగ పెట్టె ఎక్కండి, రెండు రంగుల నీళ్లు కలిసేచోట ఫొటో తీసుకోండి. రేవు మెట్లు దిగేటప్పుడు సామాను మీద అడ్డంగా ఒక బద్ద కనిపిస్తే దాన్ని దాటి వెళ్లండి, ముట్టుకోకండి. అక్కడ ఎవరి పేరూ చెక్కి లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మౌ చెంగ్‌గ్వీ అనే మనిషిని గుర్తుపెట్టుకోండి. షీజూ వాడు. ముక్కూ మొహం తెలియని యాత్రికుల పెట్టెల్ని సరైన స్టీమరుకే మోసుకుపోతూ, అవి పగలకుండా దించబోతూ చనిపోయాడు.